కోట్ల కారుకూ మోపెడ్‌కూ ఒకే రుసుమా?

పాత స్పోర్ట్స్ కారుకు ఓనరైతే గొప్పంటారు. పాత మోపెడ్‌కు ఓనరైతే నవ్వుతారు. ఇదేం న్యాయం?

మన జిల్లా హోసూరులోనే 1980లో టీవీఎస్ 50 పుట్టింది. ఇద్దరు కూర్చుని పోయే మోపెడ్ దేశంలో అదే మొదటిది. పాలక్యాన్లు, మామిడికాయల మూటలు మోసి ఎన్నో ఇండ్లను నిలబెట్టింది.

2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏండ్లు దాటి, అసలు రూపం మారని బండిని వింటేజ్‌గా నమోదు చేసుకోవచ్చు. తొలి టీవీఎస్ 50లకు 2030లో ఆ వయసు వస్తుంది. కానీ కొత్త నమోదుకు రుసుం 20,000 రూపాయలు. కోట్ల కారుకూ అంతే, మోపెడ్‌కూ అంతే! కారున్న ఆయనకు అదొక లెక్కా? పాలు పోసి బతికే ఆయన అంత దుడ్డు ఎక్కడ తెచ్చేది? బండిని పాత ఇనుముకు వేసేస్తాడు.

చిన్న బండ్లకు రుసుం తగ్గించాల్సిందే. అంతదాకా మీ ఇంటి పాత బండిని తూకానికి అమ్మొద్దండి.