పదేళ్ల పిల్ల ఒంటరిగా ఎంత దూరం వెళ్లగలదు?

ఆదివారం వస్తే చాలు, హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే కుటుంబాలు సైట్ విజిట్‌కి బయలుదేరుతాయి. ఒక వారం తెల్లాపూర్, ఒక వారం కోకాపేట, ఇంకో వారం బాచుపల్లి. మోడల్ ఫ్లాట్‌లో ఏసీ చల్లగా ఉంటుంది. సేల్స్ అబ్బాయి గోడ మీద మ్యాపులో వేలు పెట్టి "ఔటర్ ఎగ్జిట్ ఇక్కడే సార్, ఆఫీసుకు ఇరవై నిమిషాలు" అంటాడు. ఆ మ్యాపులో ఆఫీసులుంటాయి, ఎయిర్‌పోర్టు ఉంటుంది, రాబోయే మాల్ కూడా ఉంటుంది. పిల్లలు మాత్రం బ్రోచర్ చివరి పేజీలో జారుడుబండ పక్కన నవ్వుతూ కనిపిస్తారు, అంతే.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లలతో ఊరి అంచుకు మారాలనుకునేవాళ్లు ముందు అడగాల్సిన ప్రశ్న "ఎస్‌ఎఫ్‌టీ ఎంత" కాదు, "ఆఫీసు ఎంత దూరం" కూడా కాదు. పదేళ్ల పిల్ల ఎవరి తోడూ లేకుండా ఇంటి నుంచి ఎంత దూరం వెళ్లి రాగలదు? అదీ అడగాల్సింది.

మన క్లాసు భాషలో చెప్పాలంటే ఇదొక ఆప్టిమైజేషన్ ప్రాబ్లం. బడ్జెట్, ఈఎంఐ, ట్రాఫిక్, స్కూలు ఫీజు అన్నీ కన్‌స్ట్రెయింట్లుగా రాసుకుంటున్నాం. అక్కడ తప్పు లేదు. తప్పంతా ఆబ్జెక్టివ్ ఫంక్షన్‌లో ఉంది. పెద్దవాళ్ల ప్రయాణాన్ని తగ్గించడానికి లెక్క వేసి, వచ్చిన జవాబుకు "పిల్లల కోసం" అని పేరు పెడుతున్నాం.

మా అక్కావాళ్లు ప్రస్తుతం ఈ లెక్కలోనే ఉన్నారు. కొండాపూర్‌లో అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు, పెద్దది నాలుగో తరగతి. బావ పద్నాలుగు కాలమ్‌లతో ఎక్సెల్ షీటు చేశాడు. క్లబ్‌హౌస్ విస్తీర్ణానికి కూడా ఒక కాలమ్ ఉంది. "బావా, ఇందులో పాప ఒక్కతే చేసుకోగలిగిన పని ఏదైనా ఉందా?" అని అడిగాను. "స్విమ్మింగ్ పూల్ ఉంది కదరా" అన్నాడు. "అదీ పక్కన పేరెంట్ ఉంటేనే" అంది అక్క.

ఇది ఒక్క బావ షీటులో ఉన్న లోపం కాదు. ఈ కారిడార్ పెరిగిన తీరే అలాంటిది. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైంది. 2006 నిబంధనలు ఎఫ్‌ఎస్‌ఐ పరిమితిని తీసేశాయి. 2008లో గచ్చిబౌలి నుంచి శంషాబాద్ వైపు ఔటర్ మొదటి ముక్క తెరిచారు. ఆ తర్వాత అది 158 కిలోమీటర్ల వలయం అయింది. 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. నార్సింగి, తెల్లాపూర్ 2018 దాకా గ్రామ పంచాయతీలే. ముందు రోడ్డు వచ్చింది, తర్వాత టవర్లు, తర్వాత మనుషులు. ఫుట్‌పాత్ ఇంకా దారిలోనే ఉంది. ఎకరం వంద కోట్లు పలికే చోట ఊరి పిల్లలందరికీ కలిపి ఒక గ్రౌండు, ఒక లైబ్రరీ వదలమని ఎవరిని అడుగుతాం?

స్కూలు సంగతి చూద్దాం. అమెరికాలో మనవాళ్లు ఫ్రిస్కోలోనో, ఎడిసన్‌లోనో ఇల్లు వెతికేటప్పుడు ముందు స్కూల్ డిస్ట్రిక్ట్ చూస్తారు. అక్కడ పబ్లిక్ స్కూలు సీటు మామూలుగా ఇంటి అడ్రసుతో ముడిపడి ఉంటుంది. దాని వల్ల మంచి స్కూలున్న చోట ఇళ్ల ధరలు పెరగడం లాంటి అన్యాయాలూ ఉన్నాయి. మన దగ్గర సీటు అడ్రసును బట్టి రాదు, ఫీజును బట్టి వస్తుంది. అందుకే తెల్లాపూర్ పిల్ల గచ్చిబౌలికి, గచ్చిబౌలి పిల్ల శంకర్‌పల్లి రోడ్డుకు బస్సులో ఎదురెదురుగా వెళ్తుంటారు. విద్యాహక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నిబంధనలు ఐదో తరగతి దాకా కిలోమీటరులోపు, ఎనిమిది దాకా మూడు కిలోమీటర్లలోపు బడి ఉండాలన్నాయి. అవి రాసినవాళ్ల మనసులో నడిచి వెళ్లే పిల్ల ఉంది. మన షీటులో ఉన్నది బస్సు రూటు నంబరు.

పొద్దున్న ముక్కాలు గంట, సాయంత్రం ముక్కాలు గంట బస్సు అనుకుందాం. రోజుకు గంటన్నర. ఏడాదికి 200 పనిదినాలైతే 300 గంటలు. మనం ఒక సెమిస్టర్‌లో లెక్చర్లు, ల్యాబులు కలిపి కూర్చునే సమయం కంటే ఇదేమీ మరీ తక్కువ కాదు. ఆ సమయం పిల్లలకు ఆటల్లోంచో, నిద్రలోంచో తగ్గుతుంది.

ఇంకో ఖర్చు షీటులో ఎప్పుడూ రాదు. పిల్ల ఎక్కడికీ సొంతంగా వెళ్లలేని చోట డాన్స్ క్లాసుకు, ట్యూషన్‌కు, స్నేహితురాలి ఇంటికి, చివరికి ఒక చార్ట్ పేపర్ కొనడానికి కూడా ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. ఆ "ఎవరో ఒకరు" చాలా ఇళ్లలో అమ్మే. ఇద్దరూ ఒకే కారిడార్‌లో ఉద్యోగం చేస్తున్నా నాలుగింటికి లాగౌట్ అయ్యేది ఆమె, ప్రమోషన్ వద్దనేది ఆమె. ఇల్లు ఎంచుకునేటప్పుడే ఆమె ఉద్యోగం గురించి కూడా నిర్ణయం జరిగిపోతోందని ఎవరూ గుర్తించరు.

గేటెడ్ కమ్యూనిటీ సేఫ్ కదా అంటారు. నిజమే, లోపల బండ్ల భయం తక్కువ, సాయంత్రం పిల్లలు గుంపుగా ఆడుకుంటారు. నేను దాన్ని తీసిపారేయను. కానీ ఏడేళ్లకు సరిపోయిన గేటు పన్నెండేళ్లకు గోడ అవుతుంది. లోపల అందరి నాన్నలదీ దాదాపు ఒకే జీతం, ఒకే రకం ఆఫీసు. కిరాణా కొట్టు అన్నతో చిల్లర లెక్క, ఆటో ఎక్కే ముందు బేరం, పెద్దవాళ్లకు దారి చెప్పడం ఇవేవీ యాప్‌లో దొరకవు. మన క్లబ్బు కాబట్టి ఈ మాట కూడా అంటాను. 2018 చట్టంతో తెలంగాణలో అన్ని బోర్డుల స్కూళ్లలోనూ తెలుగు తప్పనిసరి అయింది, మంచిదే. కానీ పరీక్ష కోసం నేర్చిన తెలుగు పరీక్ష దాకానే ఉంటుంది. వీధిలో వాడకపోతే భాష పిల్లల నోట నిలవదు.

అయితే ఎక్కడికి వెళ్లాలి? నన్నడిగితే కొత్త టవర్ల కంటే ముందు చందానగర్, లింగంపల్లి, బీహెచ్ఈఎల్, మియాపూర్ వైపు చూడమంటాను. ఇవి ఐటీ కంటే ముందు నుంచి ఉన్న బస్తీలు, కాలనీలు. 1960లలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఫ్యాక్టరీతో పాటు వచ్చిన టౌన్‌షిప్‌లో బడి, ఆసుపత్రి, మైదానం, మార్కెట్ అన్నీ ఉద్యోగుల ఇళ్ల మధ్యే ఉన్నాయి. ఇంజనీర్ల కోసం అలాంటి ఊరు కట్టడం మనకు చేతనైన పనేనని అది రుజువు. లింగంపల్లికి 2003 నుంచి ఎంఎంటీఎస్ ఉంది, రైళ్లు చాలవు గానీ టికెట్ చవక. మియాపూర్‌కు 2017లో మెట్రో వచ్చింది. ఐటీ వైపు మెట్రో 2019లో రాయదుర్గం దాకా వచ్చి ఆగిపోయింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు, కోకాపేటకు ఇంకా పట్టాలు లేవు. రేపు పదిహేనేళ్ల పిల్లవాడు స్నేహితులతో పుస్తకాల కోసం కోఠికి వెళ్లాలంటే రైలు స్టేషన్ దగ్గరున్న ఇల్లు వాడికి స్వేచ్ఛ ఇస్తుంది.

ఆ వైపు అంతా బంగారమేం కాదు. ముంబై హైవే దాటడం పెద్దవాళ్లకే కష్టం. బొల్లారం పారిశ్రామికవాడ దగ్గర రాత్రిపూట రసాయనాల వాసన గురించి చుట్టుపక్కలవాళ్లు ఏళ్లుగా ఫిర్యాదు చేస్తున్నారు. చెరువుల సంగతీ ఉంది. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. అలాంటి చెరువు పక్కన పిల్లలు పెరగడం అదృష్టమే. కానీ చెరువు పక్కన పెరగడం వేరు, చెరువులో కట్టిన ఇంట్లో పెరగడం వేరు. 2024లో హైడ్రా వచ్చాక ఎఫ్‌టీఎల్, బఫర్ అనే మాటలు ఇంటింటా తెలిశాయి. పది హెక్టార్లు దాటిన చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్ల దాకా కట్టడానికి వీల్లేదు.

అందుకే ఏ ఊరైనా సరే, ఆదివారం మధ్యాహ్నం చూసి అడ్వాన్స్ ఇవ్వకండి. సోమవారం పొద్దున్న ఏడింటికి వెళ్లి స్కూలు బస్సులు ఎక్కే చోట నిలబడండి. ఆగస్టులో గట్టి వాన పడిన మర్నాడు వెళ్లి నీళ్లు ఎక్కడ నిలిచాయో చూడండి. రాత్రి పదకొండింటికి వెళ్లి గాలి పీల్చండి. ఏప్రిల్‌లో నెలకు ఎన్ని ట్యాంకర్లు కొంటున్నారో వాచ్‌మన్‌ను అడగండి, సెక్రటరీని కాదు. పిల్లను వెంట తీసుకెళ్లి "దుకాణం దాకా నువ్వు ముందు నడువు, మేం వెనక వస్తాం" అనండి. ఆమె ఎక్కడ ఆగిపోయిందో అక్కడే ఆ ఊరి హద్దు. వీలైతే కొనేముందు ఒక ఏడాది అక్కడే అద్దెకుండండి. ఏడాది అద్దె దండగలా కనిపించొచ్చు గానీ ఇరవై ఏళ్ల ఈఎంఐ ముందు అదెంత?

జపాన్‌లో ప్రాథమిక బడి పిల్లలు పెద్దల తోడు లేకుండా గుంపులుగా నడిచి వెళ్లడం మామూలు విషయం. ఇటలీలోని ఫానో పట్టణం 1991లో పిల్లలను కొలబద్దగా పెట్టుకుని ఊరిని దిద్దుకోవడం మొదలుపెట్టింది. పిల్ల క్షేమంగా తిరగగలిగిన వీధిలో తాతయ్య కూడా తిరగగలడు, చక్రాల కుర్చీ కూడా వెళ్లగలదు అన్నది అందులోని ఆలోచన. వాళ్లేమీ మనకంటే మంచి తల్లిదండ్రులు కారు. వాళ్ల వీధులు పిల్లలను లెక్కలోకి తీసుకున్నాయి, అంతే తేడా.

మిత్రులారా, ప్లేస్‌మెంట్ల తర్వాత మనలో చాలామందిమి ఈ కారిడార్‌కే వెళ్తాం. కొందరం ఆ ఫ్లాట్లు కొంటాం. సివిల్ బ్రాంచివాళ్లు కొందరు వాటిని గీస్తారు. కొనేవాళ్లు క్లబ్‌హౌస్ అడిగినంత కాలం కట్టేవాళ్లు క్లబ్‌హౌసే ఇస్తారు. గేటు బయట ఫుట్‌పాత్ ఏదని వంద మంది అడిగితే, అమ్ముడుపోవడం కోసమైనా ఎవడో ఒకడు వేస్తాడు. మున్సిపాలిటీని కూడా అడగాలి, కానీ అది అడగాలంటే ముందు దాని అవసరం మనకు తెలియాలి. బావ షీటులో ఇప్పుడు పదిహేనో కాలమ్ చేరింది: "పాప ఒక్కతే ఎంత దూరం". ఇప్పటిదాకా చూసిన తొమ్మిది ప్రాజెక్టుల్లో ఆరింటి ఎదురుగా సున్నా పడింది.