పాడైన రోజు ఇంట్లో ఉన్నది ఎవరు?

పోయిన నెల ఫ్లాట్ ఖాళీ చేస్తుంటే ఓనరు అంకుల్ నా అడ్వాన్సులోంచి పదహారు వేలు పట్టుకున్నారు. ఇన్వర్టర్ బ్యాటరీ పోయిందట. "వాడింది మీరే కదా బాబూ" అన్నారు. నేను అక్కడ ఉన్నది పంతొమ్మిది నెలలు. బ్యాటరీ మీది తేదీ చూస్తే ఐదేళ్ళు దాటింది. పాత బ్యాటరీ ఇస్తే అందులోని సీసానికి షాపువాడు కొత్తదాని ధరలో తగ్గించే డబ్బు కూడా ఆయనకే.

ఇదో కుర్చీలాట. పాట ఆగినప్పుడు ఎవడు నిలబడి ఉంటే వాడు ఔటు.

కానీ బ్యాటరీ ఒక్క రోజులో చావదు. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి నీళ్ళు పోసే లెడ్-యాసిడ్ బ్యాటరీలు. ఆరు గదులు, ఆరు మూతలు. ఛార్జింగ్ అవుతున్నప్పుడు లోపలి నీరు కొంచెం కొంచెంగా హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి తగ్గుతుంటుంది. రెండు మూడు నెలలకోసారి చూసి డిస్టిల్డ్ వాటర్ పోయాలి. పోయకపోతే ప్లేట్లు పైకి తేలి, తేలిన చోట సల్ఫేట్ గట్టిపడిపోతుంది. ఆ భాగం మళ్ళీ ఛార్జ్ అవదు. పోనీలే అని కుళాయి నీళ్ళు పోస్తే అందులోని లవణాలు ఇంకో రకంగా చంపుతాయి. అంటే మూడేళ్ళ కింద ఎవరో పోయడం మర్చిపోయిన నీళ్ళకి ఇవాళ ఇంకెవరికో బిల్లు వస్తుంది.

చట్టం ఏమంటుంది? 2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తెచ్చింది. రాష్ట్రాలు తీసుకుంటేనే అమలు. అందులో మరమ్మతుల పంపకం ఉంది. గోడల సున్నం, తలుపుల రంగు, వైరింగ్ ఓనరువి. కుళాయిలు, స్విచ్చులు, గీజర్ రిపేర్లు అద్దెకున్నవాళ్ళవి. (మన దగ్గర పెయింటింగ్ పేరుతో నెల అద్దె పట్టుకోవడం మామూలే, అది వేరే సంగతి.) ఇన్వర్టర్ మాటే లేదు. ఉన్న గీజర్ సంగతి చూడండి. ట్యాంకుకి తుప్పు పట్టకుండా లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి తనే కరుగుతూ ఉంటుంది. అది అయిపోయాక తుప్పు ట్యాంకుని పట్టుకుంటుంది. ఎనిమిదేళ్ళు కరిగిన కడ్డీకి ఆఖరి పదకొండు నెలలున్నవాడు డబ్బు కట్టాలా? ఏ వస్తువు ఎవరిదో ఆ జాబితా చెప్పింది. అది ఎప్పట్నించి పాడవుతోందో అడగలేదు.

మన కథల్లో, సినిమాల్లో ఓనరు గయ్యాళి, అద్దెకున్నవాడు అమాయకుడు. నేనూ ఈ వ్యాసం అలాగే ముగిద్దామనుకున్నా. కుదరలేదు. పంతొమ్మిది నెలల్లో ఆ మూతలు నేను తీసింది ఒక్కసారి. ఎలాగూ వెళ్ళిపోయేవాళ్ళమే కదా అనుకున్నా. నాకు ముందున్నవాళ్ళూ అదే అనుకుని ఉంటారు. వాళ్ళు రిమోట్‌లో వదిలేసి వెళ్ళిన సెల్స్ కారిపోయి స్ప్రింగులు తినేస్తే తిట్టుకుంటూ తుడిచింది నేనే. ఆ తిట్టే నోటికి నా మూతలు గుర్తురాలేదు.

ఆఫీసులో ఒక సర్వర్‌ని ఇంకొకరికి అప్పగించాలంటే దాని చరిత్రంతా రాసిస్తాం. ఇంటి అగ్రిమెంటులో గోడకి మేకు కొట్టకూడదని రాస్తాం, బ్యాటరీ ఎప్పుడు కొన్నారో రాయం. రాయాలి. నీళ్ళు పోయడం వాడేవాడి పని. వయసైపోయి పోతే ఆ ఖర్చు సొంతదారుది. పోసిన తేదీలు ఒక కాగితం మీద ఉంటే ఈ రెండూ విడదీయొచ్చు. ఆ కాగితం లేకపోవడం వల్ల లాభపడేది మాత్రం ఎప్పుడూ అడ్వాన్సు చేతిలో ఉన్నవాడే. అందుకే అది అడగాల్సింది మనం, తాళాలు తీసుకునే రోజునే.

కొత్త ఇంట్లో ఇన్వర్టర్ ట్రాలీకి కాగితం అంటించాను. మొదటి తేదీ నాది. పాత ఇంటి లెక్క మాత్రం తేలలేదు. అంకుల్‌కి ఫోన్ చేసి అడగాలి. అందులో నా వాటా పదహారు వేలు కాదు. సున్నా కూడా కాదు.