రక్తనాళం దాకా వెళ్లే మందు మన గడప దాకా వస్తుందా?

గుండెజబ్బు మగవాళ్లదే అన్న నమ్మకం మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఆయనకు ఛాతీలో నొప్పి అంటే క్షణాల్లో ఆటో పిలుస్తాం. మనకు ఆయాసం వచ్చినా, దవడ లాగినా, వీపులో నొప్పి పుట్టినా ‘గ్యాసేమోలే’ అనుకుని సోడా తాగి పడుకుంటాం. అందుకే రక్తనాళాల జబ్బుకు కొత్తరకం మందులొస్తున్నాయన్న వార్త కనిపిస్తే ఆడవాళ్లం పేజీ తిప్పెయ్యకూడదు.

ఏమిటా మందులు? తుళ్లూరు చుట్టుపక్కల మిరప వేసిన ఇళ్లవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. ఓ మూల పురుగు పడితే తోటంతా మందు కొడతాం. డబ్బూ దండగ, బాగున్న మొక్కకూ విషమే. పురుగు పట్టిన మొక్కను వెతుక్కుంటూ వెళ్లి దానిమీదే పడే మందుంటే? చికాగో విశ్వవిద్యాలయంలో యున్ ఫాంగ్, మాథ్యూ టిరెల్ బృందం సరిగ్గా ఆ పనే చేసింది. రక్తనాళం లోపలి పొర వాచినచోట కణాల మీద వీక్యామ్-1 అనే ప్రోటీను ఎక్కువగా తేలుతుంది. దాన్ని గుర్తుపట్టి అతుక్కునే అతి సూక్ష్మమైన రేణువులు తయారుచేసి, వాటిలో మందు పెట్టారు. నాళాన్ని కాపాడే జన్యువుల నోరు నొక్కే ఓ చిన్న ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. ఈ మందు దాన్ని ఆపుతుంది. ఎలుకల్లో నాళాలు పూడటం తగ్గిందని 2021లో ప్రకటించారు. ఎలుకల్లో అన్న మాట మరిచిపోకండి!

మనుషుల దాకా వచ్చిన మందు వేరే ఉంది, ఇంక్లిసిరాన్. ఇది నానో రేణువు కాదు. మందుకే ఓ చక్కెర అణువును తగిలించి నేరుగా కాలేయానికి పంపుతారు. అక్కడ చెడు కొలెస్ట్రాల్‌ను రక్తంలోంచి తీసేసే పనికి అడ్డుపడే పీసీఎస్‌కే9 అనే ప్రోటీను తయారు కాకుండా చూస్తుంది. చెడు కొలెస్ట్రాల్ దాదాపు సగానికి తగ్గుతుంది. మొదటి సూది, మూడు నెలలకు రెండోది, ఆపైన ఆరు నెలలకొకటి. పొద్దున్నే అందరికీ క్యారేజీలు కట్టి తన మాత్ర మాత్రం మరిచిపోయే ఇల్లాలికి ఇంతకన్నా ఏం కావాలి?

కావలసింది డబ్బు! అమెరికా 2021 డిసెంబరులో అనుమతించిన ఈ మందు 2024లో మన దేశానికి వచ్చినప్పుడు ఒక్కో సూది లక్ష రూపాయల పైమాటే. రాజధాని కోసం 2015లో భూములు తీసుకున్నప్పుడు ఇక్కడి భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 పింఛను మొదలుపెట్టారు. ఆ లెక్కన ఒక్క సూదికి నలభై నెలల పింఛను. మిరపకాయలు కోసిన చేతులకు ఇది అందే మందేనా?

అందదని నిరాశపడనక్కర్లేదు. స్టెంట్ల సంగతి చూడండి. పరాయి దేశాల నుంచి వచ్చే స్టెంటు సామాన్యుడు కొనలేని రోజుల్లో, 1990లలో, హైదరాబాదులో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం కలిసి చవకైన స్టెంటు తయారుచేశారు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు కళ్లెం వేసింది. లక్ష దాటి అమ్మిన మందుపూత స్టెంటు సుమారు 29,600కి దిగింది. అంటే ధర బ్రహ్మరాత కాదు. ఎవరో అడిగారు, ఎవరో తగ్గించారు. ఈ సూది విషయంలో అడిగే గొంతుల్లో ఆడవాళ్లవి ఎన్ని ఉంటాయన్నదే నా అనుమానం.

అడగాల్సింది మరొకటీ ఉంది. గుండె మందుల్ని మనుషుల మీద పరీక్షించేటప్పుడు మగవాళ్లనే ఎక్కువగా తీసుకుంటారు. మన ఒంటికి ఎలా పనిచేస్తుందో చెప్పే లెక్క అందుకే పలచన. ఇక గర్భిణులకైతే ఈ సూదిని సిఫారసు చెయ్యరు.

ఈలోగా ‘ఒక్క ఇంజెక్షన్‌తో బ్లాకులు కరిగిస్తాం’ అని ఊరూరా వెలిసే బోర్డుల్ని నమ్మకండి. మందు పేరేమిటి, ఎవరు అనుమతిచ్చారు అని కాగితం మీద రాసిమ్మని అడగండి. అటోర్వాస్టాటిన్ లాంటి పాత మాత్రలు జన ఔషధి దుకాణాల్లో చవగ్గానే దొరుకుతున్నాయి. డాక్టరు రాసిచ్చినవాళ్లు, కొత్త సూది వస్తుందిగదా అని వాటిని మధ్యలో మానెయ్యొద్దు. నలభై దాటినవాళ్లు, ముఖ్యంగా బీపీ, షుగరు ఉన్నవాళ్లు, ఆయనకు కొలెస్ట్రాల్ పరీక్ష చేయించేటప్పుడే మీ రక్తం కూడా ఇచ్చి రండి.