సైకిలెక్కిన మేనకోడలికి ఏమి కట్నం?

మేనమామ అన్నవాడికి మన తెలుగు ఇళ్ళలో కొన్ని స్థిరమైన పదవులున్నాయి. ఓణీల వేడుకనాడు మేనకోడలికి లంగా ఓణీ తేవలసినవాడు అతడే. పెళ్ళినాడు బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకురావలసినవాడూ అతడే. ఈ రెంటి నడుమ ఏమివ్వాలో శాస్త్రం చెప్పలేదు. మా మేనకోడలికి ముప్ఫై ఏళ్ళు నిండాయి. ఓణీ ఎప్పుడో ఇచ్చేశాను. బుట్ట ప్రస్తావన తెస్తే ఆమె నవ్వి ఊరుకుంటుంది. ఈలోగా సైకిలుకు నాలుగు సంచులు కట్టుకొని, ఒంటరిగా, విశాఖ నుంచి కొండలెక్కి పోతూ ఉంటుంది. దీనిని బైక్‌ప్యాకింగ్ అంటారట.

ఆ పేరే మొదటి చిక్కు. మన భాషలో బైకు అంటే మోటారు సైకిలు. సైకిలు మటుకు సైకిలే. అమ్మాయి బైకు మీద ఊళ్ళు తిరుగుతున్నదని విన్న మా బావగారి అన్నగారు ఒక ఏడాది ఆమె పుట్టినరోజుకు మోచేతుల దగ్గర గట్టి దిళ్ళు కుట్టిన నల్లని జాకెట్టు పంపించారు. దానిని తొడుక్కొని అనంతగిరి ఘాటీలో సైకిలు తొక్కితే మనిషి ఉడికిపోతుంది. పెద్దవారి మనసు నొప్పించడం ఇష్టంలేక ఆమె దానితో ఫొటో దిగి పంపింది. జాకెట్టు బీరువాలో ఉన్నది.

ఆయనను చూసి నవ్వే అర్హత నాకు లేదు. ఆ మరుసటి ఏడాది నేను లీటరు నీళ్ళు పట్టే స్టీలు ఫ్లాస్కు ఇచ్చాను. ఖాళీగా ఉన్నప్పుడే అరకిలో పైచిలుకు తూగుతుంది. అది ఇప్పుడు మా అక్కయ్య వంటింట్లో కాఫీకి పనికివస్తున్నది. నేను వెళ్ళినప్పుడల్లా అందులోంచే నాకు కాఫీ పోస్తుంది, ఒక్క మాటా అనకుండా.

మన చదివింపుల సంస్కారమే దీనికి కారణమని నా అభిప్రాయం. పెళ్ళిలో మైకులో పేరు చదివేటప్పుడు స్టీలు బిందె, మడత మంచం, మిక్సీ అని వినబడాలి మనకు. వస్తువు పెద్దదిగా ఉండాలి, బరువుగా ఉండాలి, పదేళ్ళ తరువాత కూడా "ఇది ఫలానావారు పెట్టినది" అని చెప్పుకొనేలా ఉండాలి. ఈ సైకిలు యాత్రికులది సరిగ్గా దీనికి వ్యతిరేకమైన మతం. బయలుదేరే ముందురోజు రాత్రి మా మేనకోడలు ప్రతి వస్తువునూ వంటింటి కాటా మీద పెట్టి చూస్తుంది. టూత్ బ్రష్షు పిడిని సగానికి కోసేసినప్పుడు నేను కళ్ళారా చూశాను. అటువంటి మనిషికి మనమిచ్చే ప్రతి కానుకా ఒక బరువే. కొండ ఎక్కవలసినది ఆమె కాళ్ళు గాని మన ప్రేమ కాదు కదా!

ఈ విద్య సంగతి కాస్త చెప్పాలి. సైకిలు మీద దూరదేశాలు పోవడం కొత్తేమీ కాదు. 1923లో బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు ప్రపంచం చుట్టిరావడానికి సైకిళ్ళ మీద బయలుదేరారు. వారిలో ముగ్గురు 1928లో యాత్ర పూర్తిచేసి తిరిగివచ్చారు. అయితే ఆ పద్ధతిలో వెనుక ఇనుప క్యారియరు, దానికి ఇరువైపులా సంచులు ఉంటాయి. రాళ్ళదారుల్లో క్యారియరు గడగడలాడి, మరలు వదులై, ఒక్కోసారి విరిగిపోతుంది. అలాస్కా మంచుదారుల్లో పోటీలకు దిగినవారూ, కెనడా నుంచి మెక్సికో సరిహద్దు దాకా పర్వతాల వెంబడి మట్టిబాటలు పట్టినవారూ క్యారియరును వదిలేసి, సంచులను నేరుగా సైకిలు ఒంటికే కట్టుకోవడం అలవాటు చేశారు. హ్యాండిలుకు ఒక చుట్ట, సీటు కింద ఒక సంచి, ఫ్రేము నడిమి త్రికోణంలో ఒకటి. బండి సన్నగా ఉంటుంది, కాలిబాటలో కూడా దూరిపోతుంది.

ఇక్కడే కానుక ఇచ్చేవారు పప్పులో కాలు వేస్తారు. సంచులే కదా, ఒకటి కొని ఇద్దామనుకుంటారు. ఆ త్రికోణం ఏ రెండు సైకిళ్ళకూ ఒకేలా ఉండదు. పొట్టివాళ్ళ సైకిలులో మరీ చిన్నది. కొలత తీసుకోకుండా ఫ్రేము సంచి కొనడమంటే, ఆది జాకెట్టు ఇవ్వకుండా దర్జీకి బ్లౌజు గుడ్డ ఇచ్చిరావడమే. సీటు సంచి అయితే మరొక తంటా: సీటుకూ వెనుక చక్రానికీ మధ్య జాగా చాలకపోతే, గుంటలో పడ్డప్పుడల్లా టైరు దానిని ఒరుసుకుంటుంది.

ట్యూబులు కొందామా అంటే ఆ కొలతల వ్యవహారం వ్యాకరణంకన్నా కష్టం. 29 అంగుళాలు అన్నా, 700సీ అన్నా రిమ్ము కొలత 622 మిల్లీమీటర్లే. 27.5 అంటే 584. ఎలిమెంటరీ స్కూలు మాస్టారుగా మా నాన్నగారు జీవితాంతం తొక్కిన హెర్క్యులిస్‌కు 28 అంగుళాల చక్రాలు. వాటి రిమ్ము కొలత 635! అంటే 29కన్నా 28 పెద్దదన్నమాట. ఈ లెక్క మా నాన్నగారు విని ఉంటే, చెప్పినవాడిని బెంచీ ఎక్కించి ఉండేవారు.

తినుబండారాలు, సాక్సులు, చిన్న పవర్ బ్యాంకు వంటివి ఎవరైనా ఇవ్వవచ్చు, వాటికి వంక లేదు. గుడారం ముందు వండుకొనే చిన్న గ్యాసు డబ్బా మాత్రం ఇవ్వకండి. విమానంలో ఎక్కనివ్వరు, రైల్లోనూ తీసుకుపోకూడదు. అయినా అరకు దారిలో ఇడ్లీ దొరకని ఊరు ఎక్కడుంది?

ఇక నేను చేయబోయి ఆగిన అసలు తప్పు గురించి. పాడేరు దాటి చింతపల్లి వైపు పోయేటప్పుడు కొన్ని మలుపుల్లో ఫోను పలకదు. ఆ మూడు నాలుగు గంటలూ మా అక్కయ్య వీధి అరుగు మీద కూర్చొని ఉంటుంది. పలకరిస్తే కసురుకుంటుంది. కూతురు ఫోను చేయగానే "ఆఁ, తిన్నావా?" అని మామూలుగా అడిగి, పెట్టేసి, లోపలికి పోయి ఏడుస్తుంది. ఇది చూడలేక, డల్లాసులో ఉన్న మా తమ్ముడితో ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే చిన్న పరికరమొకటి తెప్పించాలనుకున్నాను. అమెరికాలో కొండలెక్కే ప్రతివాడి దగ్గరా ఉంటుందని వాడూ ఉత్సాహపడ్డాడు. ఏదో అనుమానం వచ్చి ముందుగా అమ్మాయినే అడిగాను. "మావయ్యా, నన్ను జైలుకు పంపే ఆలోచనేమైనా ఉందా?" అన్నది. మన దేశంలో ముందస్తు అనుమతి లేకుండా అటువంటివి దగ్గర ఉంచుకోవడం నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో ఒక విదేశీ యాత్రికురాలిని సరిగ్గా ఇటువంటి పరికరం ఉన్నందుకే ఆపి కేసు పెట్టారు. విదేశాల్లో ఉన్న మన మిత్రులు ఈ సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలని నా మనవి. అక్కడ ప్రాణరక్షకమైనది ఇక్కడ నేరవస్తువు.

చట్టం సంగతి అలా ఉంచి, ఆమె అడిగిన రెండో ప్రశ్న నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. "అది నాకోసం కొంటున్నావా, మీకోసమా?"

నిజమే. ఆ పరికరం ఆమె మెడకు నేను కట్టబోయిన పలుపుతాడు. మనం కానుకలనుకొని ఇచ్చేవాటిలో సగం మన భయాలే, పైన రంగు కాగితం చుట్టి ఉంటాయి. ఆడపిల్ల ఒంటరిగా తిరుగుతున్నదంటే ఆ భయానికి ఊరందరి ఆమోదమూ దొరుకుతుంది. ఇదే పిల్లవాడైతే నేను పరికరం గురించి ఆలోచించేవాడినా? ఆలోచించేవాడిని కాదనే అనుకుంటున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

ఈ సందర్భంలో నాకు ఐర్లండు రచయిత్రి డెర్వ్‌లా మర్ఫీ గుర్తుకు వస్తుంది. 1941లో ఆమె పదో పుట్టినరోజుకు తల్లిదండ్రులు ఒక పాత సైకిలు ఇచ్చారు, తాతగారు ఒక అట్లాసు ఇచ్చారు. కొద్దిరోజులకే, ఇంటికి దగ్గరలో ఒక ఏటవాలు దారి ఎక్కుతూ, ఇలాగే తొక్కుకుంటూ పోతే ఇండియా చేరవచ్చునని ఆ పిల్ల నిశ్చయించుకున్నది. చేరింది కూడా, కాని ఇరవై ఏళ్ళు దాటిన తరువాత. మధ్యలో చదువు మానుకొని, మంచంలో ఉన్న తల్లికి సేవ చేయవలసివచ్చింది. తల్లి 1962లో పోయింది. 1963 జనవరిలో డన్‌కర్క్ నుంచి బయలుదేరి, ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్ మీదుగా జూలైలో ఢిల్లీకి వచ్చింది. బయలుదేరేముందు సైకిలుకున్న మూడు గేర్ల సరంజామాను విప్పించేసిందట, ఆసియా దారులకు ఆ సున్నితపు సామాను ఆగదని! మనమైతే ఇంకో గేరు బిగించి కానుకగా ఇచ్చేవాళ్ళం.

ఆ తాతగారిని తలుచుకొంటే నాకు ఈర్ష్య. ఒక్క పుస్తకం ఇచ్చి ఊరుకున్నాడు. ఎక్కడికి వెళ్ళాలో చెప్పలేదు, ఎక్కడికి వెళ్ళకూడదో గుర్తుపెట్టి ఇవ్వలేదు. నేనైతే ఆ అట్లాసులో ప్రమాదకరమైన దేశాలకు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఇచ్చి ఉండేవాడిని.

ఈసారి బుద్ధి తెచ్చుకొని ముందే అడిగాను. అడిగి ఇస్తే కానుక విలువ తగ్గుతుందని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉన్నది. ఆశ్చర్యపరచాలనే ఈ సరదా ఇచ్చేవాడిది, మోసేవారిది కాదు. ఆమె రెండు వస్తువులు చెప్పింది. ఒకటి, వెనుక గేర్లు మార్చే యంత్రాన్ని ఫ్రేముకు తగిలించి ఉంచే చిన్న అల్యూమినియం తునక. డెరైలర్ హ్యాంగర్ అంటారు. సైకిలు పక్కకు పడిపోతే ఫ్రేము వంగకుండా, ముందు తానే వంగడానికి దానిని మెత్తగా చేస్తారు. ఒక్కో సైకిలుకు ఒక్కో ఆకారం. అది విరిగితే దారిలో ఏ మెకానిక్కు దగ్గరా దొరకదు. రెండోది వేలిగోరంత ఇత్తడి మూత. ఆమె ట్యూబులకు ఉండేవి ప్రెస్టా అనే సన్నని వాల్వులు. పెట్రోలు బంకుల్లో గాలి గొట్టం వాటికి అతకదు. ఈ మూతను బిగిస్తే అతుకుతుంది. హ్యాంగరు కోసం సైకిలు మోడలు, తయారైన సంవత్సరం రాసుకొని మరీ తెప్పించాను. రెండూ కలిపి ఒక అగ్గిపెట్టెలో పట్టాయి.

"మేనమామవు, అగ్గిపెట్టెంత కట్నమా?" అని అక్కయ్య ముఖం చిట్లించింది.

అమ్మాయి మటుకు పెట్టెను కాటా మీద పెట్టింది. చూసి తల ఊపింది. తరువాత నన్ను పక్కకు పిలిచి, "మూడోది ఒకటుంది మావయ్యా, అది డబ్బుతో వచ్చేది కాదు. ఈసారి లంబసింగి నుంచి దిగేరోజున అమ్మను నర్సీపట్నం తీసుకురా" అన్నది.

తీసుకువెళ్ళాను. అక్కయ్య దారి పొడుగునా మాట్లాడలేదు. ఒళ్ళో పులిహోర డబ్బా. నర్సీపట్నంలో ఒక చెట్టు కింద రెండు గంటలు నిలబడ్డాం. కొండల వైపు నుంచి వచ్చే ప్రతి సైకిలునూ చూశాం, పాలవాళ్ళతో సహా. చివరికి మోకాళ్ళ దాకా ఎర్రమట్టితో, కళ్ళజోడు కింద రెండు తెల్లని వలయాలతో ఆమె వచ్చి ఆగింది. అక్కయ్య ఆమెను దగ్గరకు తీసుకోలేదు. వంగి, ముందు చక్రాన్ని బొటనవేలితో నొక్కి చూసింది, మా నాన్నగారు రోజూ బడికి బయలుదేరేముందు చూసినట్టే.

"గాలి తక్కువగా ఉన్నదే?" అన్నది.

"మట్టిదారికి అంతే ఉంచాలమ్మా, పట్టు బాగుంటుంది."

"అయితే ఇక్కడి నుంచి తారురోడ్డే కదా, కొట్టించుకో" అని, నా వైపు తిరిగి, "ఆ ఇత్తడి ముక్క ఏదిరా?" అని అడిగింది.