ఎనిమిది పేజీల జవాబు, పెట్టె మాత్రం తెరుచుకోలేదు

ఇది కాస్త పొడుగు రాత. ఓపిక లేనివారు ఆఖరి పేరా చూసుకుని ఆదివారం వచ్చేయండి చాలు.

మొన్న సర్వసభ్య సమావేశంలో మన ఆదివారం ఫిజిక్సు క్లాసు మీద చాలా మాటలు వచ్చాయి. జవాబు చెప్పుకోవడానికి మాకు ఐదు నిమిషాలు కూడా దొరకలేదు. ఉగాది సన్మానాల జాబితాకే గంటన్నర పట్టింది మరి. అందుకే ఇక్కడ రాస్తున్నాం. కాలేజీలో జీతాలు తీసుకుని చెప్పేవాళ్లుండగా మనకెందుకన్నారు. పిల్లలు క్వాంటం చెప్పమని వస్తే వీళ్లు ఆరు వారాలు ఊగే గుండు దగ్గరే కూర్చోబెట్టారన్నారు. పరీక్ష ఇంగ్లీషులో అయితే పాఠం తెలుగులో ఏమిటన్నారు. చివర్లో ఒక పెద్దాయన, మాకు బాబాయి వరస, ఆ గది బియ్యం బస్తాలకు అద్దెకిస్తే సంఘానికి నాలుగు డబ్బులొస్తాయి కదర్రా అన్నారు. ఆ మాటకు చప్పట్లు కూడా పడ్డాయి.

మా దగ్గరకు వచ్చే పిల్లల్లో ఒకమ్మాయి సంగతి చెబుతాం. బీఎస్సీ ఫిజిక్సు ఆనర్సు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, పుస్తకం ఇంగ్లీషు, మన బరంపురం పిల్లలందరిలాగే. పెట్టెలో బంధించిన ఎలక్ట్రాను మీద పరీక్షలో ఎనిమిది పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకుంది. ష్రోడింగర్ సమీకరణం, హద్దుల దగ్గర వేవ్ ఫంక్షను సున్నా కావడం, ఎనర్జీ ఫార్ములా, ఒక్క అడుగు తప్పలేదు. మేం అడిగింది ఒకటే ప్రశ్న. అమ్మా, పెట్టె పొడుగు రెండింతలు చేస్తే కనిష్ఠ శక్తి ఏమవుతుంది? చాలాసేపు చూసి, అది సిలబస్‌లో లేదండీ అంది.

అది నాలుగో వంతుకు పడిపోతుంది. ఒక నానోమీటరు పెట్టెలో ఎలక్ట్రానుకు సుమారు 0.38 ఎలక్ట్రాన్ వోల్టులైతే, రెండు నానోమీటర్ల పెట్టెలో 0.09 దాకా దిగుతుంది. ఆ అమ్మాయి రాసిన ఫార్ములాలోనే ఉంది ఈ సంగతి. ఫార్ములా చెయ్యి దాకా వచ్చింది, బుర్ర దాకా రాలేదు. నాకు ఫిజిక్సు ఎక్కదండీ, డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలకు వెళ్లిపోతాను అని ఆ సాయంత్రమే చెప్పింది. బ్యాంకు ఉద్యోగం తక్కువని మేమనం. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల తనకు ఎక్కదని తీర్పు ఇచ్చుకుందే, అక్కడుంది మా గొడవ. ఆ తీర్పు తప్పు. ఎక్కించే మెట్లు తీసేసి, ఎక్కలేకపోయావని పిల్లను అంటున్నాం.

మెట్లు ఎవరు తీశారంటారా? లెక్చరర్లను తిట్టడం తేలిక, మేం ఆ పని చేయం. ఒక మనిషి మూడు సెక్షన్లు, పైన ప్రాక్టికల్సు, దానిపైన ఆఫీసు కాగితాలు చూసుకుంటుంటే ఏం చెప్పగలడు? అసలు పేపర్ల అమరిక చూడండి. యూజీసీ 2015లో ఇచ్చిన బీఎస్సీ ఆనర్సు నమూనా సిలబస్‌లో క్వాంటం మెకానిక్స్ అందరూ చదవాల్సిన పేపరు. క్లాసికల్ డైనమిక్స్ మాత్రం ఎంచుకున్నవాళ్లకే. లగ్రాంజ్, హామిల్టన్ అక్కడే ఉన్నారు. అంటే హామిల్టన్ ఎవరో తెలియకుండానే పిల్ల హామిల్టోనియన్ ఆపరేటరు రాయవచ్చు. అత్తవారింటికి పంపించి, పెళ్లి తర్వాత చేస్తామన్నట్టుంది.

పాతది వదిలేస్తే కొత్తది త్వరగా వస్తుందనేది ఉత్త భ్రమ. కొత్తది కనిపెట్టినవాళ్ల చరిత్ర చూసినా తెలుస్తుంది. 1925లో హైజెన్‌బర్గ్ లెక్కల్లో రెండు రాశులను ముందు వెనకలుగా గుణిస్తే జవాబు మారుతోంది. ఇదేమిటా అని డిరాక్ కేంబ్రిడ్జ్‌లో ఒక ఆదివారం నడుస్తూ ఆలోచిస్తుంటే, పాత మెకానిక్స్‌లో పాయిజాన్ బ్రాకెట్ అని ఒకటి ఇలాగే ఉంటుందేమోనని తట్టింది. సరిగ్గా గుర్తు లేదు, ఆదివారం లైబ్రరీ మూసి ఉంది. సోమవారం పొద్దున్న తలుపులు తెరిచేదాకా ఆగి, వెళ్లి చూసుకున్నాడు. సరిపోయింది. ఆయన పాయిజాన్ బ్రాకెట్‌ను ఎప్పుడో ఒకసారి చదివి ఉన్నాడు కాబట్టే ఆ ఆదివారం తట్టడానికి ఏదో ఒకటి ఉంది. మన పిల్లలకు ఏం తడుతుంది?

ష్రోడింగర్ సంగతీ అంతే. ఆయన ఉపనిషత్తులు చదివాడు కాబట్టి క్వాంటం అంతా మన వేదాల్లోదే అని మన గ్రూపులో వారానికొకరు పంపుతున్నారు. చదివిన మాట నిజమే, వేదాంతమంటే ఆయనకు గౌరవమే. కానీ 1926 నాటి ఆయన పేపర్లు చూస్తే, సమీకరణానికి ఆసరాగా తీసుకున్నది హామిల్టన్ కాంతి కిరణాలకూ కణాల దారులకూ చూపిన పోలిక. వేదాంతం చదవండి, వద్దనం. దాంతో హామిల్టన్‌ను ఎగ్గొట్టకండి.

పాఠం చెప్పడమంటే అప్పజెప్పడమే అనుకునేవారు బోసును కూడా తలుచుకోవాలి. ఢాకా యూనివర్సిటీలో పాఠం చెబుతున్న సత్యేంద్రనాథ్ బోసుకు ప్లాంక్ సూత్రాన్ని రాబట్టే పద్ధతి నచ్చలేదు. కొత్త ఊహకు పాత విద్యుదయస్కాంత సిద్ధాంతం అతుకు వేసి పని కానిస్తున్నారని తోచింది. 1924లో తనే వేరే దారిలో రాబట్టి ఐన్‌స్టీన్‌కు పంపితే, ఆయన స్వయంగా జర్మన్‌లోకి తర్జుమా చేసి అచ్చు వేయించాడు. ఎక్కడ పాతది ఆగి కొత్తది మొదలవుతుందో పట్టుకోగలిగాడంటే రెండూ క్షుణ్ణంగా తెలియడం వల్లనే. ఆ బోసే 1948లో వంగీయ విజ్ఞాన పరిషత్తు పెట్టి బెంగాలీలో సైన్సు పత్రిక నడిపించాడు.

ఇక భాష. తెలుగంటే మన సంఘంలో పద్యాలకూ, హరికథలకూ, భోజనాల దగ్గర కబుర్లకూ అని లెక్క. లెక్కలు, సైన్సు అనగానే గొంతు మార్చేస్తాం. మేమేమీ అనువాద పండితులం కాదు. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ పుస్తకాల్లో వేవ్ ఫంక్షన్‌ను తరంగ ప్రమేయం అంటారు, చక్కటి మాట, అయినా మా క్లాసులో వేవ్ ఫంక్షన్ అనే అంటాం, పరీక్షలో పిల్ల రాయాల్సింది అదే గనక. పేర్లు ఇంగ్లీషువి, ప్రశ్నలు తెలుగువి. ఎందుకు, ఎలా, అలా కాకపోతే ఏమవుతుంది అనేవి ఇంటి భాషలో వస్తేనే పిల్ల నోరు విప్పుతోంది. ఇంగ్లీషులో అడిగితే తలూపుతోంది. ఆ తలూపడం అర్థమైందని కాదని మాకు తెలియడానికి ఒక ఏడాది పట్టింది. మొదటి ఏడాది మేమూ నోట్సు చెప్పి రాయించినవాళ్లమే. ఇద్దరు అబ్బాయిలు మానేశారు, ఆ తప్పు మాదే.

రెండో ఏడాది ఏం చేశామో కూడా వినండి. మన నేతగాళ్ల ఇళ్లలో మగ్గం మీదనుంచి వచ్చిన పల్చటి పట్టు ముక్క తెచ్చాం. చీకటి పడ్డాక మేడ మీద ఒక చివర ఫోను టార్చి పెట్టి, ఇరవై మీటర్ల దూరం నుంచి ఆ గుడ్డలోంచి చూశాం. దీపం ఒక్కటిగా కనబడదు, నాలుగు వైపులా చుక్కలు చుక్కలుగా విరబూస్తుంది, అంచుల్లో రంగులతో. దీపం పక్కన స్కేలు నిలబెడితే చుక్కకూ చుక్కకూ నాలుగు, నాలుగున్నర సెంటీమీటర్లు వచ్చింది. భూతద్దంతో పోగులు లెక్కపెడితే మిల్లీమీటరుకు నాలుగు. ఆ మూడు అంకెలతో కాంతి తరంగం పొడవు మిల్లీమీటరులో రెండు వేలో వంతుకు అటూ ఇటూ తేలింది. లేజరు లేదు, ల్యాబు లేదు. ఇది మా తెలివి కూడా కాదు. 1785 ప్రాంతంలో అమెరికాలో ఒకాయన పట్టు రుమాలులోంచి వీధి దీపం చూసి ఇదేమిటని రిటెన్‌హౌస్‌ను అడిగాడు. ఆయన వెంట్రుకలు వరసగా బిగించి మొదటి గ్రేటింగులలో ఒకటి చేశాడు.

తర్వాతి వారం గుడ్డ తీసేసి నికెల్ స్ఫటికం, టార్చి తీసేసి ఎలక్ట్రాన్లు అనుకోమన్నాం. 1927లో డేవిసన్, జర్మర్ చేసిన ప్రయోగం. 54 వోల్టులు, 50 డిగ్రీలు, అణువుల వరసల మధ్య 0.215 నానోమీటర్లు. ఆ అమ్మాయే బోర్డు దగ్గరకెళ్లి లెక్క కట్టింది. గుడ్డ లెక్కతో 0.165, డి బ్రోయ్ ఫార్ములాతో 0.167. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అయితే మనం కూడా చుక్కలు పడాలి కదండీ అని తనే అడిగింది. క్రికెట్ బంతికి కట్టించాం. మీటరును ఒకటి పక్కన ముప్పై నాలుగు సున్నాలున్న సంఖ్యతో భాగించినంత. అంత సన్నటి గుడ్డ ఏ మగ్గం నేస్తుందండీ అని నవ్వింది. న్యూటన్ ఎక్కడ చాలు, ఎక్కడ చాలడు అనేది ఆ నవ్వులో ఉంది. ఆరు వారాలు అలల దగ్గర కూర్చోకపోతే అది వచ్చేది కాదు.

మనకెందుకు అన్నవారికి ఒక్క మాట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్పెక్ట్రోస్కోపీని నిలబెట్టిన కొచ్చర్లకోట రంగధామరావు గారు మన బరంపురంలో పుట్టినవారు. ఆ యూనివర్సిటీ సైన్సు కాలేజీకి పేరూ డబ్బూ జయపురం మహారాజు విక్రమదేవవర్మ గారివి. ఇవాళ మన ఊరి పక్కనే ఐసర్ 2016 నుంచి ఉంది. నేషనల్ క్వాంటం మిషన్ అని కేంద్రం ఆరు వేల కోట్లు పెట్టింది. బస్సులో ఆ గేటు ముందునుంచి వెళ్లే మన పిల్లలు లోపలికి ఎందుకు వెళ్లలేకపోతున్నారో ఒక్క సమావేశంలోనైనా మాట్లాడుకున్నామా?

అమ్మాయి బ్యాంకు పరీక్షకు కట్టింది, ఎమ్మెస్సీ ప్రవేశపరీక్షకు కూడా కట్టింది. ఏది వస్తే అది. గది విషయం కార్యవర్గం ఈ నెలాఖరున తేలుస్తుందట. బస్తాలే వస్తే మేడ మెట్ల మీద కూర్చుంటాం. వచ్చే ఆదివారం సాయంత్రం ఆరున్నరకు పాఠం ఉంది. బాబాయిగారిని కూడా రమ్మన్నాం, వస్తానన్నారు. ఇంట్లో పాత పల్చటి పట్టు ముక్కలుంటే పట్టుకు రండి, మా దగ్గరున్నది చిరిగిపోయింది.