ఆడేవాళ్ల మాట మేము వినలేదు

టేబుల్‌టాప్ రోల్ ప్లేయింగ్ ఆటల్లో నలుగురైదుగురు తలో పాత్ర తీసుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. మిగతా లోకమంతా గేమ్ మాస్టర్ చేతిలో ఉంటుంది. ఊళ్లూ శత్రువులూ ఎండావానా ఆయనవే, తీర్పులూ ఆయనవే. ఒక్క మనిషికి ఇంత అధికారమిచ్చే ఆటలు అరుదు. ఆ కుర్చీలో కూర్చున్న మేము దాన్ని మా గొప్ప చూపించుకోవడానికి వాడుకున్నాం.

దాన్ని ఎలా వాడాలో చెప్పేవాళ్లు లేక కాదు. 1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో డేవిడ్ వెస్లీ ఒక యుద్ధక్రీడ నడిపాడు. నెపోలియన్ కాలం, బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణం. సైన్యాలతో పాటు ఊళ్లోని మనుషుల పాత్రలు కూడా పంచాడు. ఆటగాళ్లు యుద్ధం సంగతి వదిలేసి తమలో తాము మంతనాలు మొదలుపెట్టారు. ఇద్దరు ద్వంద్వయుద్ధానికి సిద్ధమై వచ్చారు. దానికి నియమాలే లేవు, వెస్లీ అప్పటికప్పుడు ఏదో ఆలోచించి తేల్చాడు. ఆట పూర్తిగా చెడిపోయిందనుకున్నాడు. ఆడినవాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు. ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఆ దారినే బ్లాక్‌మూర్ అనే లోకాన్ని నడిపాడు. తర్వాత గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ తెచ్చాడు. అనుకోని పని చేసే ఆటగాడి వల్లే ఈ ఆట పుట్టింది. ఆ ఆటగాడినే మేము అడ్డుగా చూశాం.

1984లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కోసం డ్రాగన్‌లాన్స్ అనే సాహసగాథల వరుస వచ్చింది. ముఖ్యపాత్ర ముందే చనిపోతే శవం దొరకనివ్వొద్దని, తర్వాత తిరిగి తేవచ్చని ఆ ఆట పుస్తకాలే సలహా ఇచ్చాయి. ఆ కథ అందమైనదే, కాదనను. కానీ మేము దాన్నుంచి నేర్చుకున్నది ఆటగాళ్లు ఏం చేసినా మా కథ మారకూడదని. రాక్షసుడు మూడో దెబ్బకే పడిపోతే రాసుకున్న ఉపన్యాసం వృథా అవుతుందని, తెర చాటున పాచిక విలువ మార్చి వాడికి ప్రాణం పోశాం. ఎడమ దారి పట్టినా కుడి దారి పట్టినా ఒకే కోట ఎదురయ్యేలా చేశాం. అరగంట చర్చించుకుని దారి ఎంచుకున్నవాళ్ల ముఖాల్లోని ఉత్సాహం చూస్తూ కూడా ఆ పని చేశాం. దాన్ని మోసం అనడానికి నాకు సంకోచం లేదు.

2015లో ఈ ఆట ఆడుతూ చూపించే క్రిటికల్ రోల్ అనే వెబ్ కార్యక్రమం మొదలయ్యాక, అందులోని గేమ్ మాస్టర్ మ్యాట్ మెర్సర్ గొంతులన్నీ అనుకరించాం. పెద్ద శత్రువు కూలే క్షణంలో ఎలా కూల్చాలనుకుంటున్నావో నువ్వే చెప్పమని ఆయన ఆటగాడిని అడుగుతాడు. అది మాత్రం మాకు పట్టలేదు.

జాన్ స్టావ్రోపౌలోస్ ఎక్స్ కార్డ్ రూపొందించాడు. ఎవరికైనా ఇబ్బందిగా ఉంటే టేబుల్ మీది ఆ కార్డును తాకితే చాలు, కారణం అడగకుండా ఆ సంగతి వదిలేస్తారు. మాలో చాలామంది దాన్ని అతి సున్నితం అని కొట్టిపారేశాం. ఎదురుగా ఒకరు మౌనంగా బిగుసుకుపోతుంటే వర్ణన ఆపనివాళ్లమే అలా అన్నాం. అలా బిగుసుకుపోయినవాళ్లలో కొందరు మళ్లీ రాలేదు. ఈ ఆట వాళ్లకు సరిపడలేదని మాలో మేము చెప్పుకుని, ఖాళీ అయిన కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టాం.