ఊరవేయుటకు గాజుజాడీలు: ఏవి కొనదగినవి?

నిమ్మ, ఉసిరిక, పచ్చిమిరప మొదలగువానిని ఉప్పునీటిలో పులియబెట్టి నిలువచేసికొనుటకు గాజుజాడీలను సంఘము మూలమున టోకున తెప్పింపవలెనని కొందఱు సభ్యులు కోరుచున్నారు. పింగాణి జాడీలుండగా ఈ క్రొత్త వ్యయమేలయని మఱికొందఱు పెద్దల ప్రశ్న. రెండు వాదములందును కొంత సత్యము కలదని మా యభిప్రాయము.

ఆవకాయకు, మాగాయకు పింగాణి జాడీయే చాలును. వెలుతురు తగులకుండుట నూనెకు మేలు. అయితే జాడీ మెఱుగులో సీసము కలిసియున్నచో పులుపు దానిని కరగించి ఊరగాయలో చేర్చును గనుక, పెచ్చులూడిన పాతజాడీని ఎంత మక్కువ యున్నను విడువవలసినదే. ఇత్తడి, అల్యూమినియము పాత్రల మాట చెప్పనేల! ఉప్పు, పులుపు వానిని తినివేయును.

ఉప్పునీటి ఊరగాయకు మాత్రము గాజే మేలు. కాయ నీటిపైకి తేలినను, బూజు పట్టనారంభించినను మూత తీయకయే కనబడును. కాని గాజునందొక అపాయము కలదు. కాయలలోని చక్కెరను సూక్ష్మజీవులు పులుపుగా మార్చునని 1857లో పాశ్చరు పండితుడు చూపెను. ఆ మార్పులో బొగ్గుపులుసు వాయువు పుట్టుట కద్దు. మరమూత గట్టిగా బిగించినచో ఆ వాయువునకు దారి లేక జాడీ పగులును. పోవునది ఊరగాయ మాత్రమే కాదు. దాపుననున్న పిల్లల కన్నులకును ముప్పు.

కావున మూతను సవరించుకొనవలెను. గాజునకు ఇంట రంధ్రము చేయ ప్రయత్నింపరాదు. మూతకే సన్నని రంధ్రము చేసి, రబ్బరు గొట్టము బిగియించి, దాని రెండవ కొనను నీళ్లగిన్నెలో ముంచియుంచిన చాలును. వాయువు బుడగలుగా వెలుపలికి పోవును, బయటిగాలి లోనికి రాదు. అంత శ్రమ యెందుకనువారు మూతను వదులుగా నుంచి, పైన వాసెన కట్టవచ్చును. జాడీని ముప్పాతిక వంతునకు మించి నింపరాదు. కాయలు మునిగియుండుటకు చిన్న గాజుగిన్నెను బరువుగా పెట్టవలెను. సున్నపురాయి పులుపును విఱిచివేయును, అది పనికిరాదు. కాయలు, నీరు కలిపి 1 కిలో తూగినచో 25 మొదలు 30 గ్రాముల ఉప్పు వలయును. వేసవిలో మఱికొంత హెచ్చించుట మంచిది.

కొనునప్పుడు చేయి దూరునంత వెడల్పు నోరు, గుండ్రని ఆకారము చూడవలెను. పలకల సీసా మూలలయొద్ద త్వరగా పగులును. అంచు వెంబడి తడిగుడ్డ త్రిప్పినచో పెచ్చు తెలియును. గోటితో తట్టినచో బీట తెలియును. మామూలు గాజు ఒక్కసారిగా వేడినీటిని ఓర్వదు, ముందు గోరువెచ్చని నీటితో కడుగవలెను. పాత సీసాలు చౌకగా దొరకును, నిజమే. పురుగుమందు సీసాను మాత్రము ఎన్నిమాఱులు కడిగినను వంటయింటికి తేరాదు. ఈ విషయమున మేము ఎట్టి సడలింపును అంగీకరింపము.

సంఘమునకు మా సూచన యొక్కటే. పలు పరిమాణముల జాడీలు తెప్పింపక, ఒకే కొలత నోరు గలవానినే తెప్పింపవలెను. మూత తుప్పుపట్టినను, రబ్బరు పట్టీ చెడినను జాడీని పాఱవేయ నక్కఱలేక, అవి విడిగా కొట్టులో దొరకవలెను. దారిలో పగులు జాడీల నష్టము సభ్యులపై పడకుండ వర్తకునితో ముందే వ్రాతమూలకముగా ఒప్పందము చేసికొని, ఆ పిమ్మటనే సొమ్ము చెల్లింపవలెను.